డేటోనాలో వాన, మూడో ల్యాప్‌లో మూడు వేళ్లు

“నాన్నా, ఈ కార్లకి హెడ్‌లైట్లు ఉండవు. లైట్ బొమ్మ స్టిక్కర్ అంటిస్తారంతే” అన్నాను.

అవతల విజయవాడలో ఐదు సెకన్లు సౌండ్ లేదు. మా నాన్న 28 ఏళ్లుగా లారీ నడుపుతున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: “తలుపులైనా ఉన్నాయా?”

“లేవు. కిటికీలోంచి దూరి కూర్చోవాలి.”

“స్పీడు మీటరు?”

“అదీ ఉండదు. ఇంజిన్ ఆర్‌పీఎం చూసి లెక్కేసుకుంటారు.”

“మరి అదేం బండిరా! దాన్ని చూడ్డానికి వానలో అంత దూరం పోయావా?”

నిజంగానే వాన. 2024 ఫిబ్రవరి 18, ఆదివారం. ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో, రేస్ ట్రాక్ మధ్యలో ఉన్న మైదానంలో, ఒక మోటర్‌హోమ్‌కి కట్టిన పందిరి గుడ్డ కింద కూర్చున్నా. ఆ మధ్యాహ్నం జరగాల్సిన ‘డేటోనా 500’ రేసుని మర్నాడు సాయంత్రం 4 గంటలకి వాయిదా వేశామని అప్పటికే చెప్పేశారు. శనివారం జరగాల్సిన చిన్న రేసు కూడా వానలో కొట్టుకుపోయి సోమవారానికే వచ్చి పడింది. గాడి లేని నున్నటి టైర్లతో, గోడలాంటి వాలు మీద, గంటకి 300 కిలోమీటర్ల వేగంలో వెళ్లే కార్లని తడిలో తిప్పరు. మన దగ్గర క్రికెట్ పిచ్ మీద కవర్లు కప్పినట్టు కప్పే వీలూ లేదు. ట్రాక్ నాలుగు కిలోమీటర్లు మరి!

మీలో చాలామందికి నాస్కార్ అంటే ‘కార్స్’ సినిమాలో లైట్నింగ్ మెక్‌క్వీన్ అని చెబితే చాలు, అర్థమైపోతుంది. నాకూ అంతకుమించి తెలీదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ రేస్ జరిగినప్పుడు ఇన్‌స్టాలో రీల్స్ చూసి ‘మిస్సయ్యానే’ అని ఏడ్చిన బ్యాచ్ నాది. ఫార్ములా వన్‌లో కార్లు విమానాల్లా ఉంటాయి. ఇక్కడ కార్లు చూడ్డానికి రోడ్డు మీద తిరిగే మస్టాంగ్, క్యామ్రీ, కమారోల్లానే ఉంటాయి. ‘స్టాక్ కార్’ అన్న పేరే అక్కడి నుంచి వచ్చింది. అంటే షోరూమ్‌లో అమ్మే సరుకుతోనే పోటీ. ఇప్పుడు పైన డొక్కు మాత్రమే ఆ పోలికలో ఉంటుంది, లోపలంతా రేసు కోసం కట్టిన బండే అనుకోండి. మనవాడు ఒకడు కూడా ఇక్కడ నడిపాడు. కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్ 2010లో నాస్కార్ ట్రక్ సిరీస్‌లో పోటీ చేశాడు. ఆ ఏడాది ఫ్యాన్స్ ఓట్లతో ‘మోస్ట్ పాపులర్ డ్రైవర్’ అయ్యాడు కూడా. ఆన్‌లైన్ ఓటింగ్ అంటే మనవాళ్లు ఊరుకుంటారా!

నేను పనిచేసేది జాక్సన్‌విల్‌లో. అక్కడి నుంచి ఐ-95 హైవే మీద దక్షిణంగా 90 మైళ్లు, దాదాపు 145 కిలోమీటర్లు వస్తే డేటోనా. మా ఆఫీస్‌లో నా సీనియర్ వాళ్ల కుటుంబం ఏటా ఫిబ్రవరిలో మోటర్‌హోమ్ వేసుకుని ఇక్కడికొచ్చి నాలుగైదు రోజులు మకాం పెడుతుంది. ఈసారి వాళ్లలో ఒకరు రాలేక పాస్ మిగిలింది. “వస్తావా?” అన్నాడు. ఆలోచించకుండా సరేనన్నా.

ఆలోచించింది మా రూమ్మేట్. “అక్కడికి మనలాంటోళ్లు వెళ్తారా బ్రో?” అన్నాడు. వాడి అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణ రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండా దశాబ్దాల పాటు ఈ మైదానాల్లో ఎగిరింది. 2020 జూన్‌లో, బబ్బా వాలెస్ అనే నల్లజాతి డ్రైవర్ నోరు తెరిచి అడిగాకే నాస్కార్ దాన్ని తన రేసుల్లో నిషేధించింది. మేముండే జాక్సన్‌విల్‌లోనే ఇంకో కథ జరిగింది. 1963 డిసెంబర్ 1న అక్కడి ట్రాక్ మీద వెండెల్ స్కాట్ గెలిచాడు. నాస్కార్ పెద్ద సిరీస్‌లో గెలిచిన మొట్టమొదటి నల్లజాతి డ్రైవర్ ఆయన. కానీ జెండా ఊపి, ట్రోఫీ ఇచ్చింది వేరే ఆయనకి. లెక్కలో పొరపాటు జరిగిందని జనమంతా వెళ్లిపోయాక ఒప్పుకున్నారు. ఆ ట్రోఫీ గుర్తుగా ఇంకోటి స్కాట్ కుటుంబం చేతికి అందేసరికి 2021 వచ్చింది. అప్పటికి ఆయన పోయి 30 ఏళ్లు దాటింది. ఇవన్నీ చదువుకునే కారెక్కా. భయం వేయలేదని చెప్పను.

శనివారం పొద్దున ముందు బీచ్‌కి పోయా. డేటోనాలో ఇసుక మీద కారు నడపొచ్చని విని ఉంటారు. నిజమే, ఇప్పటికీ నడపొచ్చు. స్పీడ్ లిమిట్ గంటకి 10 మైళ్లు. జల్లు పడుతుంటే, అలలు ఎడమ చేతి వైపు విరుగుతుంటే, నడిచిపోయే ముసలావిడ నా కారుని దాటేసి వెళ్లిపోయింది. ఇదే ఇసుక మీద 1935లో మాల్కమ్ క్యాంప్‌బెల్ గంటకి 276 మైళ్ల వేగంతో దూసుకెళ్లాడు. కిలోమీటర్లలో 440 పైన. ఇక్కడి ఇసుక తడిసి ఆరితే సిమెంట్ చేసినట్టు గట్టిపడుతుంది, అదీ రహస్యం. తర్వాత సగం ఇసుక, సగం పక్కనున్న ఏ1ఏ రోడ్డు కలిపి ట్రాక్‌లా వాడుకుని కార్ల రేసులు పెట్టేవాళ్లు. ఆ రోడ్డు మీదే స్ట్రీమ్‌లైన్ అనే హోటల్ ఉంది. 1947 డిసెంబర్‌లో దాని పైఅంతస్తు బార్‌లో బిల్ ఫ్రాన్స్ అనే మెకానిక్ అందర్నీ కూర్చోబెట్టి మీటింగ్ పెట్టాడు. అక్కడే నాస్కార్ పుట్టింది. పెద్ద చరిత్ర ఉన్న చోటు కదా అని లోపలికెళ్లి చూస్తే మామూలు చిన్న హోటలే. కాఫీ తాగి వచ్చేశా.

ఆ తొలి రోజుల డ్రైవర్లలో కొందరికి ఇంకో వృత్తి ఉండేది. దొంగ సారా రవాణా. కొండల్లో కాచిన నాటుసారాని రాత్రిళ్లు లైట్లార్పేసి, పోలీసులకి చిక్కకుండా పట్నాలకి చేర్చేవాళ్లు. బయటికి చూస్తే మామూలు ఫోర్డ్ కారు, లోపల మాత్రం మార్చిన ఇంజిను. ఎవడి బండి స్పీడ్ ఎక్కువ అని వాళ్లలో వాళ్లకి పందేలు. మన దగ్గరా నాటుసారా బళ్ల గురించి ఇలాంటి కథలు వింటుంటాం గానీ, వాటి నుంచి ఇంత పెద్ద ఆట పుట్టలేదు.

మధ్యాహ్నానికి ట్రాక్‌కి చేరా. ఇంటర్నేషనల్ స్పీడ్‌వే బులెవార్డ్ మీద వెళ్తుంటే ఒక పక్క మాల్స్, హోటళ్లు. ఇంకో పక్క ఎయిర్‌పోర్ట్‌నే మింగేసేలా లక్ష మందికి పైగా కూర్చునే గ్యాలరీ. లోపలి మైదానానికి వెళ్లాలంటే ట్రాక్ కింద సొరంగంలోంచి పోవాలి. సొరంగం దాటి వెలుగులోకొచ్చి వెనక్కి తిరిగి చూశాక అర్థమైంది, టీవీ మనకి ఎంత అబద్ధం చెబుతుందో. టీవీలో ఫ్లాట్‌గా కనిపించే ఆ మలుపు నిజానికి ఒక తారు గోడ. 31 డిగ్రీల వాలు, పైఅంచు మూడంతస్తుల మేడంత ఎత్తు. దానికి కావాల్సిన మట్టంతా మైదానం మధ్యలోంచే తవ్వారు. ఆ గుంత ఇప్పుడు చెరువు. పేరు లేక్ లాయిడ్. 1959లో ఈ ట్రాక్ తెరిచారు. మొదటి డేటోనా 500లో ఇద్దరు ఒకేసారి గీత దాటితే, ఫొటోలు, న్యూస్‌రీళ్లు తిరగేసి లీ పెటీ గెలిచాడని తేల్చడానికి మూడు రోజులు పట్టింది. ‘కార్స్’ సినిమాలో నీలం రంగు ‘కింగ్’ కారుకి గొంతిచ్చింది ఆయన కొడుకు రిచర్డ్ పెటీనే. ఈ రేసుని 7 సార్లు గెలిచాడాయన.

మా వాళ్ల మోటర్‌హోమ్ నాలుగో మలుపు దగ్గర. మా సీనియర్ వాళ్ల నాన్నకి డెబ్బై దాటాయి. నల్ల టోపీ, దాని మీద వంకరగా తెల్లటి 3 అంకె. నేను మనసులో ‘టోపీ తాత’ అని పేరు పెట్టేసుకున్నా. నన్ను ఎగాదిగా చూసి, మొట్టమొదట అడిగిన ప్రశ్న మా ఊరేదని కాదు. “నీ డ్రైవర్ ఎవరు?”

“ఇంకా ఎవరూ లేరు” అన్నా.

“అయితే నీకింకా టైముంది” అని కుర్చీ చూపించాడు.

ఆ కుర్చీలో ఆదివారమంతా కూర్చున్నా. వాన ఆగదు, జనం మాటలు ఆగవు. పక్క మోటర్‌హోమ్‌ల వాళ్లు గొడుగులతో వచ్చి చేరేవాళ్లు. ఒకాయన అలబామా నుంచి, ఒక జంట ఒహాయో నుంచి. మా అమ్మ పంపిన జంతికలు నేను బయటపెడితే బీరుతో పాటు అరగంటలో ఖాళీ.

నాస్కార్‌ది వింత పద్ధతి. మిగతా ఆటల్లో పెద్ద మ్యాచ్ చివర్లో ఉంటుంది. ఇక్కడ ఏడాదిలో అతి పెద్ద రేసే పాయింట్ల సీజన్‌కి ఓపెనింగ్. 1982 నుంచీ ఇంతే. సినిమా క్లైమాక్స్‌తో మొదలైనట్టు. అందుకే అందరి బుర్రలోనూ 36 రేసుల సీజన్ మొత్తం ఒకేసారి తిరుగుతుంటుంది. ఎవడు టీమ్ మారాడు, ఏ కంపెనీ బాడీ మార్చింది. ఆ ఏడాది ఫోర్డ్, టొయోటా రెండూ కొత్త బాడీలతో వచ్చాయి. టొయోటా మాటెత్తగానే అలబామా ఆయన మొహం ముడుచుకున్నాడు. జపాన్ బండి వచ్చి మన ఆటలో ఏంటి అని. ఒహాయో ఆవిడ ఊరుకోలేదు. “క్యామ్రీ తయారయ్యేది కెంటకీలో. నీ ట్రక్కు ఎక్కడ తయారైందో ముందు చూసుకో.” మన హీరోల ఫ్యాన్స్ ఓపెనింగ్ కలెక్షన్ల మీద కొట్టుకోవడం చూసినవాణ్ని కాబట్టి నాకు ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

పెద్ద గొడవ మాత్రం ప్లేఆఫ్స్ మీద. అప్పటి రూల్ ప్రకారం మామూలు సీజన్‌లో ఒక్క రేసు గెలిస్తే దాదాపు ప్లేఆఫ్స్ బెర్త్ ఖాయమైనట్టే. చివరికి నలుగురు మిగులుతారు. ఆఖరి రేసులో ఆ నలుగురిలో ముందొచ్చినవాడు చాంపియన్. టోపీ తాతకి ఇదంటే ఒళ్లు మంట. ఏడాదంతా కష్టపడ్డవాడు ఆఖరి రోజు టైరు పంక్చరైతే ఏమీ కాకుండా పోతాడా అంటాడు. మా సీనియర్ వాదన వేరు. 2003లో మ్యాట్ కెన్సెత్ ఏడాది మొత్తంలో ఒకే ఒక్క రేసు గెలిచి పాయింట్లతో చాంపియన్ అయ్యాడు, జనానికి బోర్ కొట్టింది, అందుకే కదా మార్చారు అంటాడు. నేను ఐపీఎల్‌లో లీగ్ దశలో టాప్‌లో ఉండి ఫైనల్లో ఓడిపోయే టీమ్‌ల గురించి చెప్పా. క్రికెట్ అర్థం కాకపోయినా బాధ అర్థమైంది వాళ్లకి. నా ఓటు తాతకే.

ఇంకో పంచాయితీ పెట్రోల్ మీద. డేటోనాలో కార్లు ఒకదాని బంపర్‌కి ఒకటి ఆనుకుని గుంపుగా పరిగెడతాయి. ముందు కారు గాలిని చీలుస్తుంటే వెనక కారుకి శ్రమ తగ్గుతుంది. హైవే మీద బస్సు వెనక బైకు పోనిచ్చినవాళ్లకి ఆ ఊపు తెలుసు (చేయకండి). ఆ గుంపులో దాక్కుని, యాక్సిలరేటర్ సగమే తొక్కి పెట్రోల్ మిగుల్చుకుంటే పిట్‌లో తక్కువసేపు ఆగొచ్చు. తెలివే. కానీ 500 మైళ్ల రేసులో సగం సేపు డ్రైవర్లు మైలేజ్ చూసుకుంటే ఇక చూసేదేముందని అందరి గోల. మా నాన్నకి చెబితే మాత్రం, “వాళ్లే నయం రా, డీజిల్ విలువ తెలిసినోళ్లు” అన్నాడు.

తాత మనవడికి 13 ఏళ్లు. వాడికి ఈ గొడవలేవీ పట్టవు. వాడి డ్రైవర్ విలియం బైరన్, 24 నంబర్ షెవర్లే. కారణం అడిగితే, “ఆయన నాలాగే ఇంట్లో కూర్చుని నేర్చుకున్నాడు” అన్నాడు. నిజమే. షార్లెట్ కుర్రాడు బైరన్ టీనేజ్‌లో కంప్యూటర్ మీద ‘ఐరేసింగ్’ ఆడి, అక్కడ గెలిచి, ఆ తర్వాతే అసలు రేస్ కారెక్కాడు. అప్పటికి 26 ఏళ్లు. తాత నాతో గుసగుసగా, “24 నంబర్! మా ఇంట్లో!” అని తల పట్టుకున్నాడు. అది ఒకప్పటి జెఫ్ గోర్డన్ నంబర్. 90లలో తాత దేవుడికి సవాల్ విసిరిన కుర్ర హీరో గోర్డన్. అతణ్ని చూసి తాత గొంతు పోయేలా ‘బూ’ కొట్టిన రోజులున్నాయట.

తాత దేవుడు టోపీ మీద ఉన్నాడు. 3 నంబర్ డేల్ ఎర్న్‌హార్ట్. ఏడుసార్లు చాంపియన్. అయినా డేటోనా 500 మాత్రం చేతికి చిక్కలేదు. 19 సార్లు ఓడి, 1998లో 20వసారి గెలిచాడు. ఆ రోజు పిట్ రోడ్డు పొడవునా మిగతా టీమ్‌ల మెకానిక్‌లందరూ వరసగా నిలబడి ఆయన చేయి తాకి అభినందించారు. ఈ కథ చెబుతున్నప్పుడు తాత నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత ఎవరో “2001” అన్నారు. పందిరి కింద మాటలు ఆగిపోయాయి. వాన చప్పుడొక్కటే.

“ఇదిగో ఇక్కడే” అని తాత నాలుగో మలుపు వైపు చెయ్యి చూపించాడు. 2001 ఫిబ్రవరి 18. నేను కూర్చున్న రోజుకి సరిగ్గా 23 ఏళ్లు! చివరి ల్యాప్, చివరి మలుపు. ముందు వెళ్తున్న రెండు కార్లూ ఎర్న్‌హార్ట్‌ సొంత టీమ్‌వే. రెండోది కన్నకొడుకు నడుపుతున్నాడు. మూడో స్థానంలో తను. కారు అదుపు తప్పి పైకెక్కి గోడకి కొట్టుకుని కిందికి జారింది. “చూడ్డానికి పెద్ద యాక్సిడెంట్ కాదు. అంతకంటే ఘోరమైనవాటిలోంచి ఆయన లేచి రావడం చూశాం. సామాన్లు సర్దుకుని, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కార్లో రేడియోలో విన్నాం. పక్క కార్ల వాళ్లు కూడా అదే వింటున్నారు. ఎవరూ హారన్ కొట్టలేదు.”

గోడకి కొట్టుకున్నప్పుడు బెల్టు ఒంటిని ఆపుతుంది. తలని ఆపేదేదీ లేదు. తల ముందుకి విసురుకుపోయి పుర్రె అడుగున ఎముక విరుగుతుంది. అంతకుముందు 2000లో ఆడమ్ పెటీ, కెనీ ఇర్విన్, టోనీ రోపర్ ముగ్గురూ ఇలాంటి దెబ్బతోనే పోయారు. మందు అప్పటికే మార్కెట్లో ఉంది. ‘హాన్స్’ అని, భుజాల మీద కూర్చునే ఒక కాలర్, దాన్నుంచి హెల్మెట్‌కి రెండు పట్టీలు. మిషిగన్‌కి చెందిన ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, రేసులు నడిపే ఆయన బావమరిది జిమ్ డౌనింగ్ కలిసి తయారు చేశారు. ఎర్న్‌హార్ట్‌కి అది నచ్చలేదు. పెట్టుకోలేదు. మొహం మూసే హెల్మెట్ కూడా వాడేవాడు కాదు.

“మేమూ నవ్వేవాళ్లం” అన్నాడు తాత. “మెడపట్టీ పెట్టుకునేవాడు మగాడేంటని. ఆయన అలా ఉండడమే మాకిష్టం. ఆ ఇష్టంలో మా తప్పు ఎంతుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయా.”

నాకేం మాట్లాడాలో తెలియలేదు. మా బాబాయి గుర్తొచ్చాడు. మా నాన్న దగ్గర క్లీనర్‌గా చేరి డ్రైవరైనవాడు. 2009లో, అప్పట్లో ఎన్‌హెచ్-5 అనేవాళ్లు, తుని దాటాక రాత్రి రెండింటికి, రోడ్డు మీద ఆగి ఉన్న లారీని గుద్దేశాడు. ఆ లారీకి వెనక లైటు లేదు. మా బాబాయి సీటు బెల్టు, సీటు వెనక మడిచి తాడుతో కట్టేసి ఉంది. బెల్టు పెడితే ఊపిరాడదు అనేవాడు. మా నాన్న ఇప్పటికీ అదే అంటాడు. ఈ సంగతి నేను ఇంగ్లిష్‌లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పా. తాత విని, టోపీ సర్దుకుని, “లైటు లేదా?” అన్నాడు. అంతే.

నాస్కార్ ఎర్న్‌హార్ట్ పోయిన ఏడాది అక్టోబర్‌లో తల, మెడ కదలకుండా పట్టే పరికరం తప్పనిసరి చేసింది. నెబ్రాస్కా యూనివర్సిటీ ఇంజినీర్లు కాంక్రీట్ గోడ ముందు ఉక్కు గొట్టాలు, వాటి వెనక ఫోమ్ దిమ్మలు పెట్టి, దెబ్బని మింగే ‘సేఫర్’ గోడని తయారు చేశారు. 2002లో ఇండియానాపొలిస్‌లో మొదలై ట్రాకులన్నిటికీ చేరింది. 2001 తర్వాత నాస్కార్ మూడు పెద్ద సిరీస్‌ల రేసుల్లో డ్రైవర్ ఒక్కడూ చనిపోలేదు. 2020లో ఇదే ట్రాక్ మీద ర్యాన్ న్యూమన్ కారు చివరి ల్యాప్‌లో పల్టీ కొట్టి, గాల్లో ఉండగా ఇంకో కారు వచ్చి డ్రైవర్ వైపే గుద్దింది. రెండు రోజుల తర్వాత ఇద్దరు కూతుళ్ల చేతులు పట్టుకుని ఆస్పత్రి నుంచి నడిచి బయటికొచ్చాడు. “అది కూడా వానకి వాయిదా పడ్డ సోమవారమే” అని ఒహాయో ఆవిడ గుర్తుచేసింది. ఎవరూ నవ్వలేదు.

సోమవారం ఎండ కాసింది. ప్రెసిడెంట్స్ డే కాబట్టి మాకు సెలవు. లేనివాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. అలబామా ఆయన పొద్దున్నే బండి కట్టేశాడు. మేం మోటర్‌హోమ్ పైకెక్కాం. దాని మీద చెక్కలతో అటకలా కట్టారు, కుర్చీలు వేసేంత. తాత నాకు చెవులకి మఫ్‌లు, వాటికి కనెక్ట్ చేసిన స్కానర్ ఇచ్చాడు. అందులో డ్రైవర్, టీమ్ మాట్లాడుకునేది మనం వినొచ్చు. ఇదొక్కటి చాలు, టికెట్ డబ్బులు గిట్టినట్టే. ప్రతి డ్రైవర్‌కీ గ్యాలరీ పైకప్పు మీద ఒక మనిషి ఉంటాడు. స్పాటర్ అంటారు. డ్రైవర్ తల తిప్పలేడు కాబట్టి పక్కన ఎవడున్నాడో, లోపల చోటుందో లేదో రెప్ప వేయకుండా చెబుతూనే ఉంటాడు. ‘లోపల ఉన్నాడు, ఇంకా ఉన్నాడు, క్లియర్.’ లారీ రివర్స్ చేసేటప్పుడు వెనక తట్టుకుంటూ ‘రైట్, రైట్, పోనీ’ అని అరిచే క్లీనర్ గొంతే అది. చిన్నప్పుడు బాబాయి గొంతు అలాగే వినేవాణ్ని.

40 కార్లు జెండా కిందికి వచ్చినప్పుడు చప్పుడు చెవికి కాదు, పక్కటెముకలకి వినపడుతుంది. మూడో ల్యాప్‌లో తాత లేచి నిలబడి మూడు వేళ్లు పైకెత్తాడు. పక్క మోటర్‌హోమ్‌ల మీద అక్కడక్కడా చేతులు లేచాయి. 2001 సీజన్ అంతా ప్రతి ట్రాక్‌లోనూ జనం ఇలాగే చేశారట. నేనూ ఎత్తా. మనవడు ఫోన్ చూసుకుంటూనే ఎత్తాడు.

మొదటి పది ల్యాపుల్లోపే ఒక గుద్దుడు. ఇప్పుడు 3 నంబర్ నడిపే ఆస్టిన్ డిల్లన్ కూడా అందులో ఇరుక్కున్నాడు. తాత ఒక బూతు తిట్టి కూర్చున్నాడు. తర్వాత చాలాసేపు, నిజం చెప్పాలంటే, పెట్రోల్ పొదుపు పథకమే. గుంపుగా వస్తారు, పోతారు. మధ్యలో నేను కిందికి దిగి చిల్లీ తిని వచ్చా, ఏమీ మారలేదు. ఈ భాగం గురించి గొప్పగా రాస్తే అబద్ధమవుతుంది.

చీకటి పడింది. లైట్లు వేశారు. 200 ల్యాపుల్లో 192వది. మా ఎదుట చెరువు అవతల, మూడో మలుపుకి ముందు, గుంపు ముందు భాగంలో ఒక కారు అడ్డంగా తిరిగింది. వెనక వస్తున్నవాళ్లకి ఆగే చోటు లేదు. పొగ, నిప్పురవ్వలు, రేకుల చప్పుడు. 23 కార్లు. స్కానర్‌లో స్పాటర్ గొంతు ఒక్కసారిగా సన్నబడింది. రేసు ఆపేశారు.

తాత బైనాక్యులర్స్ తీశాడు. కారు కిటికీకి అద్దం ఉండదు, వల ఉంటుంది. గుద్దుకున్నాక డ్రైవర్ బాగున్నాడంటే ఆ వల కిందికి దించుతాడు. అదీ గుర్తు. “ఒకటి” అన్నాడు తాత. “రెండు... మూడు.” మా సీనియర్ కింద టీవీ చూస్తూ నంబర్లు అరుస్తున్నాడు. మేమందరం లెక్కపెడుతున్నాం. ఒకదాని దగ్గర ఆలస్యమైంది. బహుశా పది సెకన్లే అయ్యుంటుంది. తాత చేయి నా భుజం మీద ఉందని అప్పుడే గమనించా, గట్టిగా పట్టుకుని ఉన్నాడు. ఆ వల కూడా పడింది. అందరూ బయటికొచ్చారు. మైదానం మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది.

మిగిలిన ల్యాపులు ఎలా అయ్యాయో సరిగా చూడలేదు. చివరి ల్యాప్ మొదలైందని తెల్లజెండా ఊపగానే వెనక ఇంకో గుద్దుడు. పసుపు లైటు వెలిగిన క్షణానికి ఎవరు ముందుంటే వాడిదే రేసు. సొంత టీమ్‌మేట్ అలెక్స్ బౌమన్ కంటే కాస్త ముందున్నాడు 24 నంబర్ విలియం బైరన్. ఆయన హెండ్రిక్ టీమ్ మొదటి రేసు 1984 ఫిబ్రవరి 19న ఇదే డేటోనా 500. ఆ రోజుకి సరిగ్గా 40 ఏళ్లు. వాన పడకపోతే ఈ లెక్క ఒక్క రోజు తేడాతో తప్పేది. మనవడు మోటర్‌హోమ్ పైకప్పు ఊగేలా గెంతాడు. తాత వాడి తల మీద తన టోపీ పెట్టి, “కంప్యూటర్ పిల్లోడు!” అన్నాడు. మెచ్చుకోలో తిట్టో వాడికీ తెలియలేదు. పసుపు లైటు కింద ముగిసే రేసూ ఒక రేసేనా అని పక్కవాళ్లు అప్పటికే వాదన మొదలుపెట్టారు. వచ్చే వారం అట్లాంటాలో ఏం జరుగుతుందో దాకా పోయింది అది.

మీరు ఎప్పుడైనా ఫ్లోరిడా వస్తే, రేసు లేని రోజుల్లో కూడా ట్రాక్ టూర్ ఉంటుంది. గెలిచిన కారుని కడగకుండా, మీద అంటుకున్న రంగు కాగితాలతో సహా ఏడాది పాటు అక్కడి మ్యూజియంలో పెడతారు. డొక్కు మీద పడ్డ గీతలు దగ్గరగా చూడొచ్చు. ఓర్లాండోలో డిస్నీకి పోయేవాళ్లకి గంట దూరం.

బయటికి పోయే సొరంగం దగ్గర గంట సేపు కదల్లేదు. నాన్నకి ఫోన్ చేశా. అక్కడ మంగళవారం తెల్లవారి, లోడ్ కోసం ఆటోనగర్‌లో ఉన్నాడు. టీ కొట్టు చప్పుళ్లు వినిపిస్తున్నాయి. 23 కార్లు గుద్దుకున్నాయని చెప్పా.

“ఎంతమంది పోయారు?” అన్నాడు వెంటనే.

“ఎవరూ పోలేదు నాన్నా. గీత కూడా పడలేదు.”

అటు నుంచి మాట లేదు. వలల సంగతి, మెడకి పెట్టే పట్టీ సంగతి, పైనుంచి చూసి చెప్పే మనిషి సంగతి చెప్పా. “అంటే క్లీనరే” అన్నాడు. కాసేపాగి అడిగాడు: “ఆ మెడ పట్టీ మన లారీలకి దొరకదా?”

“మనకి అంత అక్కర్లేదు. బెల్టు ఉంది కదా, అది పెట్టుకుంటే చాలు.”

“దాని కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది రా.” గ్లాసు కింద పెట్టిన చప్పుడు. “ఎంత అవుద్దో... ఇక్కడే ఉన్నాగా, అడుగుతాలే.”

నా వెనక ఎవరో హారన్ కొట్టారు. ముందు బండి కదిలింది.